స్నేహితురాలికి ఇచ్చిన నక్షత్రాలకు డబ్బు అడగడం తప్పా?

గుంటూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 36. భర్తది ప్రైవేటు ఉద్యోగం. పాప ఆరో తరగతి, బాబు రెండో తరగతి. పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు అమ్మ దగ్గర నేర్చుకున్న లేసు అల్లికతో క్రిస్మస్‌కి తెల్లదారం నక్షత్రాలు, మంచుపూలు, దేవదూతలు అల్లుతారు. మొదట్లో తాము వెళ్లే చర్చి సంఘంలో నలుగురికీ ఊరికే పంచేవారు. రెండేళ్ల క్రితం భర్తకు జీతం సరిగా రాని రోజుల్లో ఎవరో అడిగితే మొదటిసారి డబ్బుకిచ్చారు. నక్షత్రం 60 రూపాయలు, దేవదూత 120. పోయిన డిసెంబరులో 9 వేల దాకా వచ్చాయి. పాప ట్యూషన్ ఫీజు అందులోంచే కట్టారు.

కష్టాలు కూడా అప్పుడే మొదలయ్యాయి. చిన్ననాటి స్నేహితురాలు ఒకామె ఇప్పుడు అదే సంఘంలో సండే స్కూల్ చూసుకుంటోంది. పోయినేడు పిల్లలకు బహుమతులుగా ఇవ్వడానికి 40 నక్షత్రాలు చేయించుకుంది. తీసుకెళ్లేటప్పుడు “ఎంతయిందే?” అని అడిగితే ఈమె “తర్వాత చూద్దాంలే” అన్నారు. ఏడాది గడిచింది, ఆ “తర్వాత” రానే లేదు. ఇప్పుడు ఈ క్రిస్మస్‌కి 60 కావాలని ఆ స్నేహితురాలే ఫోన్ చేసింది. డబ్బు మాట కాస్త కదిపితే “మన మధ్య లెక్కలేంటే” అని నవ్వేసింది. అప్పట్నుంచీ ఆదివారం ఆరాధనలో ఆమె పక్కన కూర్చోబుద్ధి కావడం లేదని రాశారు.

స్కూల్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెడితే, గ్రూపు నడిపే ఆవిడ “ఇక్కడ వ్యాపారాలు వద్దండీ” అని అందరి ముందూ అనేశారు. ఇంకో తల్లి, ఆన్‌లైన్‌లో వంద రూపాయలకు ఆరొస్తున్నాయని లింకు పెట్టారు. మరొకరు కొన్న నాలుగు మంచుపూలకు చీమలు పట్టాయని తిరిగి పంపించారు. “అమ్మా, ఇంక గ్రూపులో పెట్టకు, మా క్లాసులో అంటున్నారు” అని పాప కళ్లనీళ్లు పెట్టుకుంది. అత్తగారేమో “ప్రభువు పుట్టిన పండక్కి వ్యాపారమేంటి, సంఘంలో తలెత్తుకోలేకపోతున్నా” అంటున్నారు. అర్ధరాత్రి ఒంటిగంట దాకా లైటు వేసుకుని కూర్చుంటే ఎంతొస్తుందని భర్త విసుక్కుంటున్నారు. “ఆపేయనా? ఆపకపోతే స్నేహితురాలిని డబ్బు ఎలా అడగను? ఈ ఏడు ప్లమ్ కేకులు కూడా చేద్దామనుకుంటున్నా, చేయనా?” ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో అయిదారుగురు మనుషులున్నారు. అందరినీ ఒకేసారి సమాధానపరచాలని మీరు చూస్తున్నారు, అందుకే ఇంత టెన్షన్. ఒక్కొక్కరి మాట విడిగా చూస్తే దేని బరువు ఎంతో తెలుస్తుంది. ముందు స్నేహితురాలి సంగతి చూద్దాం, మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది అదే కాబట్టి.

ఆమె మిమ్మల్ని మోసం చేసిందని నేను అనుకోను. ఆమె వైపు నుంచి చూడండి. ఎన్నో ఏళ్లు మీ చేతి నక్షత్రాలు ఆమెకు ఊరికే అందాయి. రెండేళ్లుగా మీరు అమ్ముతున్నారని తెలిసినా, తన విషయంలో అది వర్తిస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు. ఆమె ఎంతయిందని అడగనే అడిగింది. “తర్వాత చూద్దాంలే” అన్నది మీరు. మొహమాటంతో అన్నారు, నాకు అర్థమైంది. కానీ వినేవాళ్లకు ఆ మాట “నీ దగ్గర డబ్బేంటి, తీసుకెళ్లు” అన్నట్టే వినిపిస్తుంది. మన ఇళ్లలో ఎవరికైనా ప్రేమగా ఏదైనా ఇచ్చేటప్పుడు వాడే మాటే కదా అది. కాబట్టి “మన మధ్య లెక్కలేంటే” అన్నది దబాయింపు కాకపోవచ్చు. అవి కానుకేనని ఆమె నిజంగా నమ్మి ఉండొచ్చు. ఒకవేళ తెలిసే అని ఉంటే, అది మీరు ఈసారి స్పష్టంగా మాట్లాడినప్పుడు తేలిపోతుంది.

ఇంకో సంగతి మీ ఉత్తరంలో ఓ మూలన ఉండిపోయింది. ఆ నక్షత్రాలు ఆమె ఇంటికి కాదు, సండే స్కూల్ పిల్లలకి. చాలా సంఘాల్లో సండే స్కూల్ బహుమతులకు, క్రిస్మస్ చెట్టుకు, కేకులకు కొంత డబ్బు పక్కన పెడతారు. దానికో కోశాధికారి ఉంటారు, బిల్లు ఉంటే డబ్బిస్తారు. మీరు బిల్లు ఇవ్వలేదు. ఆమె తన చేతి డబ్బు ఇవ్వాల్సి వస్తుందేమోనని ఇబ్బంది పడిందో, బిల్లు లేకుండా సంఘం డబ్బు అడగలేకపోయిందో మనకు తెలియదు. మీ సంఘంలో పద్ధతి ఏమిటో ముందు కనుక్కోండి. డబ్బు ఇవ్వాల్సింది స్నేహితురాలు కాదు, సంఘం అని తేలితే, మీ ఇద్దరి మధ్య ఉన్న ముడి సగం విడిపోయినట్టే.

ఇక పాత 2,400 విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, నేరుగా అడగడం. ఎదురుగా నోరు పెగలకపోతే మెసేజ్ పెట్టండి. “పోయినేడు సండే స్కూల్‌కి ఇచ్చిన 40 నక్షత్రాలకు 2,400 అయిందే. అప్పుడు మొహమాటపడి చెప్పలేకపోయాను. ఇప్పుడు బిల్లు రాసిస్తాను, సంఘం ఖాతాలోంచి ఇప్పించగలవా?” ఇంతే చాలు. సంజాయిషీలు, క్షమాపణలు వద్దు. ఆమె నొచ్చుకోవచ్చు. “ఏడాది తర్వాత గుర్తొచ్చిందా” అని అనొచ్చు కూడా. దానికి మీరు సిద్ధపడి అడగాలి. పోయినేటి లెక్కలు మూసేశాం, డబ్బు రాదు అనే జవాబు కూడా రావచ్చు.

రెండోది, ఆ 40 నక్షత్రాలు సండే స్కూల్‌కి మీ కానుక అనుకోవడం. అయితే మనసులో అనుకుని ఊరుకుంటే కుదరదు, ఆమెకు చెప్పాలి. “పోయినేటివి పిల్లలకు నా తరఫున ఇచ్చాననుకో. ఈ ఏడాది నుంచి మాత్రం అందరికీ ఒకటే రేటు, సగం ముందు తీసుకుంటున్నాను.” మీరు రాసినదాన్ని బట్టి నక్షత్రానికి 16 చొప్పున సరుకుకే మీ చేతి నుంచి 640 రూపాయలు పోయాయి, శ్రమ సరేసరి. అది భరించగలరో లేదో మీకే తెలియాలి. భరించగలిగితే స్నేహం నిలుస్తుంది, మాట కూడా తేలిపోతుంది.

మూడోది, పాతదీ అడగకుండా కొత్తదీ తేల్చకుండా ఈ 60 కూడా అల్లి ఇచ్చేయడం. ఇదీ ఒక దారే. చాలామంది ఇదే చేస్తారు, అప్పటికి గొడవ తప్పుతుంది కాబట్టి. కానీ పక్కన కూర్చోబుద్ధి కావడం లేదని మీరే రాశారు. ఇంకో 60 ఇచ్చాక ఆమె ముఖం చూడబుద్ధి కూడా కాదు. పైగా ఆమెకు కారణం తెలియదు. ఎందుకు ముభావంగా ఉన్నారో తెలియక ఆమె కూడా దూరం జరుగుతుంది. ముప్పై ఏళ్ల స్నేహం పోయేది డబ్బు అడిగినందుకు కాదు, అడగలేక లోపల దాచుకున్నందుకు.

నన్నడిగితే రెండో దారి మీ స్వభావానికి దగ్గరగా ఉంది. కానీ ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉంటే మొదటిదే సరైనది, అందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు లెక్కల సంగతి. మీ భర్త విసుగుకు జవాబు కూడా ఇందులోనే ఉంది. మీరిచ్చిన వివరాలతోనే లెక్కేశాను. నక్షత్రానికి దారం, రిబ్బను, జిగురు, కవరు కలిపి 16 రూపాయలు. అల్లడానికి గంట, గట్టిపరచి ముడతలు తీయడానికి పావుగంట. 60కి అమ్మితే మీ కష్టానికి మిగిలేది 44, అంటే గంటకు 35 రూపాయలు. దేవదూతకు సరుకు 30, పని మూడు గంటలు. 120లో మిగిలేది 90, గంటకు 30. అంటే అందరూ ఎగబడి అడుగుతున్న దేవదూతే మీకు తక్కువ ఇస్తోంది. ఎక్కువ అమ్ముడుపోతోందని దాన్నే ఎక్కువ చేస్తున్నారు, రాత్రి ఒంటిగంట అవుతోంది.

డిసెంబరు 20 లోపు మీకు ఇంకా ముప్పై అయిదు రోజులుంటాయి అనుకుందాం. రోజుకు నాలుగు గంటలంటే 140 గంటలు. స్నేహితురాలడిగిన 60 నక్షత్రాలకే 75 గంటలు పోతాయి. డబ్బు రాని పనికి సీజన్‌లో సగం పైగా ఇచ్చేస్తున్నారన్నమాట. ఇది ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. అడగడానికి ధైర్యం దానంతటదే వస్తుంది.

గంటకు కనీసం 60 రావాలని పెట్టుకుంటే నక్షత్రం 90, దేవదూత 210 అవుతాయి. 60 అన్నది నేను ఉదాహరణకు తీసుకున్న అంకె, మీ అవసరాన్ని బట్టి మార్చుకోండి. రేటు పెంచితే కొందరు మానేస్తారు. పోయినేడు పది కొన్నవాళ్లు ఈసారి ఆరే కొంటారు. కానీ అంత శ్రమ లేకుండా దాదాపు అంతే డబ్బు వస్తుంది, పదకొండుకల్లా పడుకోవచ్చు. రేటు పెంచడం ఇష్టం లేకపోతే దేవదూతను పక్కన పెట్టి, అరగంటలో అయిపోయే చిన్న మంచుపూలు ఎక్కువ చేయండి. సరుకు ఎనిమిది రూపాయలే కాబట్టి 35, 40కి ఇవ్వొచ్చు, కొనేవాళ్లకూ భారం కాదు. దేవదూతను అడిగిన వాళ్లకే, ముందు డబ్బు తీసుకున్నాకే చేయండి.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మీ పుట్టింటి వైపు కథే నాకు గుర్తొస్తోంది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లిక నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ చేరింది. ఆ లేసు దేశదేశాలకు వెళ్లింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. కానీ అల్లిన ఆడవాళ్లకు దక్కింది చాలా తక్కువ. 1970ల చివర్లో ఆ పల్లెల్లో తిరిగి పరిశోధన చేసిన ఒక జర్మన్ సామాజిక శాస్త్రవేత్త దీనికి కారణం రాశారు: రోజంతా సూది వదలకుండా పనిచేసే ఆడవాళ్లను పనివాళ్లుగా ఎవరూ లెక్కపెట్టలేదు, ఇంట్లో ఊరికే ఉన్నవాళ్లు కాలక్షేపానికి చేస్తున్నారన్నారు. కాలక్షేపానికి కూలి ఎవరిస్తారు? మీ అమ్మగారు ఎంత కూలికి అల్లేవారో ఒకసారి అడిగి చూడండి. ఇప్పుడు మీకూ దారానికీ మధ్య షావుకారు లేడు, దళారీ లేడు. రేటు పెట్టేది మీరే. అయినా పాత రేటుకే అల్లుతున్నారంటే నాకు బాధగా ఉంది.

వందకు ఆరు అన్న ఆవిడతో వాదించకండి. ఆమె అన్నది నిజమే, ఆన్‌లైన్‌లో అలాగే వస్తాయి. మిషన్ మీద చేసిన ప్లాస్టిక్‌తో మీరు పోటీ పడలేరు, పడక్కర్లేదు కూడా. మీ నక్షత్రం నూలు దారంది. పండగ అయ్యాక ఉతికి, మళ్లీ గట్టిపరచి వచ్చే ఏడాది కట్టుకోవచ్చు. కావాలంటే పిల్లల పేరులో మొదటి అక్షరం మధ్యలో అల్లించుకోవచ్చు. ఇవి చూసి కొనేవాళ్లు కొంటారు. మిగతావాళ్లు మీ కొనుగోలుదారులు కారు, వాళ్ల మీద కోపమూ వద్దు.

చీమల ఫిర్యాదు మాత్రం వేరు. గట్టిపడడానికి పంచదార నీళ్లలో ముంచానని రాశారు. పాతకాలం పద్ధతే అది, చూడ్డానికి గాజులా మెరుస్తుంది కూడా. కానీ మన కోస్తా గాలిలో తేమకు అది జిగటగా మారి మెత్తబడుతుంది, చీమలు వెతుక్కుంటూ వస్తాయి. తెల్ల జిగురులో సమానంగా నీళ్లు కలిపి ముంచి, ఒత్తి పిండి, థర్మోకోల్ అట్ట మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, ఒక్కో కొనకు ఒక్కో గుండుసూది గుచ్చి రాత్రంతా ఆరనివ్వండి. సూదులు తుప్పు పట్టనివై ఉండాలి, లేకపోతే తెల్లదారం మీద ఎర్రమచ్చ పడుతుంది, అది ఉతికినా పోదు. అలా చేసిన నాలుగు కొత్త మంచుపూలు ఆ తల్లికి ఉచితంగా పంపించండి. సరుకులో లోపం ఉంది కాబట్టి అది మీ బాధ్యత. ఆవిడే రేపు మరో ఇద్దరికి మీ గురించి చెప్పొచ్చు.

స్కూల్ గ్రూపు విషయానికొస్తే, గ్రూపు నడిపే ఆవిడ చెప్పిన తీరు బాగాలేదు. చెప్పిన విషయంలో మాత్రం న్యాయముంది. హోంవర్కు, సెలవుల కబుర్ల కోసం పెట్టుకున్న గ్రూపులో ఒకరు నక్షత్రాలు పెడితే రేపు ఇంకొకరు చీరలు, మరొకరు ఇన్సూరెన్సు పెడతారు. ఆ గ్రూపును వదిలేయండి. మీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోండి, అది మీ సొంత గోడ. ఇష్టమైనవాళ్లు చూస్తారు, లేనివాళ్లు దాటిపోతారు. గ్రూపులో చూసి విడిగా మెసేజ్ చేసిన తల్లులున్నారని రాశారు కదా, వాళ్లతో నేరుగా మాట్లాడండి. వాళ్లలో క్రైస్తవులు కానివాళ్లు కూడా ఉంటారు. స్కూల్లో క్రిస్మస్ సంబరానికి పిల్లలు ఎర్ర టోపీ పెట్టుకుని వెళ్తారు, ఇంటికొచ్చి గుమ్మానికి ఒక నక్షత్రం కట్టమంటారు. వాళ్లకు ఒకటీ రెండూ చాలు, కాబట్టి చిన్నవి విడిగా అమ్మండి.

ఇంకో దారి, స్కూల్ అనుమతితోనే అమ్మడం. కొన్ని స్కూళ్లు సెలవులకు ముందు సంబరం రోజున తల్లిదండ్రులకు స్టాల్ పెట్టుకోనిస్తాయి. ప్రిన్సిపాల్‌ని అడిగి చూడండి. ఒప్పుకుంటే గ్రూపు గొడవే ఉండదు. కానీ అక్కడ ఇంకో చిక్కుంది. క్లాసు అలంకరణకు కొన్ని ఊరికే ఇమ్మని టీచర్లు అడుగుతారు. ఎన్ని ఇవ్వగలరో ముందే అనుకుని వెళ్లండి. అన్నిటికన్నా ముందు పాపతో మాట్లాడండి. అమ్మ స్టాల్‌లో కూర్చుంటే తనకు గర్వంగా ఉంటుందో, ఇబ్బందిగా ఉంటుందో దాన్నే అడగండి. వద్దంటే ఈ ఏడాదికి స్కూల్‌ని పక్కన పెట్టండి. పదకొండేళ్ల పిల్లకు క్లాసులో ఎవరేమన్నారన్నది చిన్న విషయం కాదు. తన ట్యూషన్ ఫీజు ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా చెప్పండి, సిగ్గుపడాల్సిన సంగతి కాదని మీ గొంతులోనే దానికి తెలియాలి.

అత్తగారి మాట దగ్గర నేను కాస్త నెమ్మదిగా నడుస్తాను. ఆమె భక్తిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. పండగ అంతా కొనుగోళ్లే అయిపోయిందన్న బాధ చాలామంది పెద్దల్లో ఉంది, అందులో నిజముంది. కానీ చేతిపని అమ్ముకోవడం ఆ విశ్వాసానికి కొత్త కాదు. బైబిల్లో సామెతల గ్రంథం 31వ అధ్యాయంలో గుణవతి అయిన భార్య నారబట్టలు చేసి అమ్ముతుంది. అపొస్తలుల కార్యాల్లో లూదియ ఊదారంగు పొడి అమ్ముకునే స్త్రీ, తన ఇంట్లోనే క్రీస్తు బోధకుడు పౌలుకు ఆతిథ్యమిచ్చింది. ఆ పౌలు చేతివృత్తి డేరాలు కుట్టడం. జర్మనీలో గనులు మూతపడ్డ కొండప్రాంతాల్లో గని కార్మికులు క్రిస్మస్ చెక్కబొమ్మలు చేసుకుని బతికారు. ఇవన్నీ మీరు ఆమెకు పాఠంలా అప్పజెప్పొద్దు. కోడలు వాక్యం చెబితే ఏ అత్తగారికైనా ఒళ్లు మండుతుంది. మీ సంఘంలో కోత పండుగ జరుగుతుంటే, ఆ రోజు గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు వేలం పాడడం ఆమె ఏటా చూసే ఉంటారు. ఆ కబురు మాటల్లో వస్తే, అప్పుడు “అదీ అమ్మకమే కదా అత్తయ్యా” అని నెమ్మదిగా అడగండి.

నాకైతే ఆమె అసలు భయం వ్యాపారం గురించి కాదనిపిస్తోంది. “తలెత్తుకోలేకపోతున్నా” అన్నారు చూడండి. కొడుకు జీతం చాలక కోడలు అమ్ముకుంటోందని నలుగురూ అనుకుంటారేమోనని ఆమె బాధ. ఆ బాధ మీ భర్త మాటతోనే తీరుతుంది. “అమ్మా, నేనే చేయమన్నాను” అని ఆయన ఒక్క మాట అంటే ఆమె సగం నెమ్మదిస్తారు. కాబట్టి ముందు భర్తకు పైన చెప్పిన లెక్క చూపించండి, పదకొండు తర్వాత లైటు వేయనని మాటివ్వండి, ఆ తర్వాత ఆయన్ని మాట్లాడమనండి. వచ్చినదాంట్లో కొంత కానుక సంచిలో వేయాలని మీకే అనిపిస్తే వేయండి. అత్తగారి నోరు మూయించడానికి మాత్రం వద్దు, వచ్చే ఏడాది అది చాలదంటారు. ఇవన్నీ చేసినా ఆమె మనసు మారకపోవచ్చు. మారకపోయినా మీ పని ఆగాల్సిన అవసరం లేదు, ఆమెతో మర్యాదగా ఉంటూనే కొనసాగించవచ్చు.

ఆపేయనా అన్నారు. ఆపొచ్చు. ఆపితే డిసెంబరు ప్రశాంతంగా గడుస్తుంది, పాటల ప్రాక్టీసుకు వెళ్తారు, పిల్లలతో యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ కడతారు. మళ్లీ ఊరికే పంచే ఆనందం కూడా దక్కుతుంది. కానీ ఈ 9 వేలు ఎక్కడ్నుంచి వస్తాయో చూసుకోవాలి. ఇంకోటి, అడగలేకపోవడం వల్ల ఆపేస్తే, వచ్చే ఏడాది ఇంకో పనిలో ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. రెండూ కలిపి చేసుకోవడం మరో దారి. ఈ ఏడాది కానుకగా ఎన్ని ఇవ్వాలో ముందే అనుకోండి, ఏడో ఎనిమిదో. ఎవరికో పేర్లు రాసుకోండి. అవి అందంగా కట్టి, “ఇది నీకు నా కానుక” అని చెప్పి ఇవ్వండి. ఆ జాబితాలో లేనివాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా రేటు ఒకటే, సగం ముందు, మిగతాది తీసుకెళ్లేటప్పుడు. రేటు ఫొటో కిందే రాయండి, అడిగే పని, చెప్పే పని ఇద్దరికీ తప్పుతుంది. ఆర్డర్లు డిసెంబరు 5తో ఆపేయండి. ఆ తర్వాత అడిగినవాళ్లకు చేసి పెట్టినవి ఉంటే ఇవ్వండి, లేకపోతే లేవనండి. నాకు ఈ దారే నచ్చింది. ఇందులో ఇబ్బంది పేర్లు రాసుకునేటప్పుడే వస్తుంది. ఎవరినో ఒకరిని వదలాలి, వాళ్లకు తెలిస్తే అలుగుతారు.

కాగితాల భయం కొంచెం ఉన్నట్టుంది మీకు. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్, మీరు ఆ దరిదాపుల్లో లేరు. ఒక నోటుపుస్తకంలో తేదీ, పేరు, ఎన్ని, ఎంత అని రాసుకుంటే చాలు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. చెట్టుకు కట్టే దేవదూత అలంకరణ వస్తువు. అదే పిల్లలు ఆడుకునే బొమ్మగా అమ్మితే 2021 నుంచి బీఐఎస్ (నాణ్యతా ప్రమాణాల) గుర్తు ఉండాలన్న నియమముంది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతిపనివాళ్లకు మినహాయింపు ఉంది, చేతిపనివాళ్లకు గుర్తింపుగా పహచాన్ కార్డు ఇచ్చేది ఆ శాఖే. లేసు అల్లిక వచ్చిన మీరు దానికి దరఖాస్తు చేసుకోవడం ఎలాగూ మంచిదే. అలంకరణకే అమ్మినా, చిన్నపిల్లలున్న ఇంటికి ఇచ్చేవాటికి పూసలతో కళ్లు కుట్టకండి, నల్లదారంతో రెండు కుట్లు వేయండి. పూస ఊడితే నోట్లో పెట్టుకుంటారు.

ఇక ప్లమ్ కేకులు. ఈ ఏడాదికి వద్దంటాను. తినే వస్తువు అమ్మాలంటే ఇంట్లో చేసినా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఎండుఫలాలు ఎన్నో రోజుల ముందు నుంచే నానబెట్టాలి, మీ చేతిలో ఉన్న 140 గంటల్లోంచే ఆ పని కూడా జరగాలి. నిజంగా చేయాలనుంటే జనవరిలో రిజిస్ట్రేషన్ పెట్టుకోండి, వేసవి సెలవుల్లో నాలుగైదు కేకులు చేసి ఒక్కోదానికి ఎంత ఖర్చయిందో, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఆ లెక్క చూశాక వచ్చే అక్టోబరులో కేకుల సంగతి తేల్చుకోవచ్చు.